వెనక సీట్లో నీడ

ఆపరేషన్ థియేటర్‌లో పెద్ద దీపం కింద ఎవరికీ నీడ పడదు. కోసే చోట డాక్టరు చేతి నీడ అడ్డం రాకూడదని దాన్ని అలా తయారు చేశారు. ఆ దీపం కింద నిలబడి కత్తెర్లూ పట్టుకార్లూ అందించడం నర్సు పని. పొద్దున్నే వచ్చి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆకుపచ్చ గౌను తొడుక్కుని, జుట్టంతా టోపీలోకి తోసి లోపలికి వెళ్లిందంటే, మళ్లీ బయటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగి ఉండేవి. ఈలోగా బయట ఎండ కాసిందో వాన కురిసిందో పేషెంట్ల చుట్టాల చెప్పులు చూసి తెలుసుకోవలసిందే.

ఆ ఆసుపత్రిలో ఆమెకో పేరుంది. కుట్లు వేసే ముందు, లోపలికి వెళ్లిన ప్రతి వస్తువూ తిరిగి వచ్చిందా అని చూసేది ఆమే. ఎంత పెద్ద డాక్టరైనా ఆమె "అన్నీ వచ్చాయి" అన్నాకే సూది పట్టుకోవాలి. ఒకసారి గుడ్డ ముక్క ఒకటి కనిపించలేదని థియేటరంతా గాలించింది. బల్లల కింద చూసింది, అందరి చెప్పులూ ఎత్తించింది. చివరికి అది ఆమె గౌను వెనకాలే అంటుకుని దొరికింది. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది గానీ వెతకడం మాత్రం మానలేదు.

ఒక రోజు టీ తాగే వేళకి ఆమెకి ఫోనొచ్చింది.

"నమస్కారమమ్మా. నేను బీమా కంపెనీ సర్వేయర్ని. మీవారి మోటార్‌సైకిల్ క్లెయిము విషయం."

"ఆయన సంగతి ఆయన్నే అడగండి."

"అడిగామమ్మా. బండి మీద తనొక్కడే ఉన్నానని రాసిచ్చారు. నేను వెళ్లి నీడ కొలిచాను. నీడలో ఇద్దరున్నారు." అవతలి మనిషి గొంతు సవరించుకున్నాడు. "వెనక ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఎవరో మీకేమైనా తెలుసేమోనని..."

తెలియదంది నర్సు. ఫోను పెట్టేశాక చూస్తే టీ మీద మీగడ కట్టింది.

ఆ ఊళ్లో బండి పడితే దాని నీడ పడ్డచోటే ఉండిపోతుంది. బండిని షెడ్డుకి తోసుకుపోవచ్చు, మనిషిని ఆసుపత్రికి మోసుకుపోవచ్చు, నీడ మాత్రం కదలదు. పడ్డ క్షణంలో ఎలా ఉందో అలాగే, రాత్రనక పగలనక, రోడ్డు మీదో గోడ మీదో అతుక్కుని ఉంటుంది. కంపెనీ క్లెయిము తేల్చి, బండి బాగై, దాన్ని మళ్లీ అక్కడికి తెచ్చి నిలబెట్టిన రోజున తనంతట తానే వచ్చి చక్రాలకి తగులుకుంటుంది. అందాకా బండికీ నీడ ఉండదు, దాని మీద ఉన్న మనుషులకీ ఉండదు. కంపెనీలకి ఇది బాగానే ఉంది. మనుషులు అబద్ధమాడతారు గానీ నీడ ఆడదు కదా. సర్వేయర్లు టేపూ సుద్దముక్కా పట్టుకుని వచ్చి కొలుచుకుని పోతారు.

క్లెయిములు అంత తొందరగా తేలేవి కావు కాబట్టి ఊళ్లో నీడ లేనివాళ్లు చాలామందే ఉండేవారు. అలాంటివాళ్లు ఎదురుపడితే ఆ మాటెత్తకపోవడం మర్యాద. "నీ నీడేదీ?" అని అడగడమంటే పుండు మీద కారం చల్లడమే. పాపం, ఏ కంపెనీ చుట్టూ తిరుగుతున్నారో అనుకుని, చూపు తిప్పుకుని వెళ్లిపోతారు. పిల్లల్ని బడికి పంపే ముందే ఈ సంగతి నేర్పుతారు.

నర్సు మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఏ మేడలోనైనా లిఫ్టు మధ్యలో ఆగిపోతే మోటార్‌సైకిల్ మీద పరుగెత్తుకు వెళ్లి, లోపల ఇరుక్కున్నవాళ్లని దింపాలి. బండి లేకపోతే ఆ పని లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్న ఆమెని ఆసుపత్రి గేటు దగ్గర దించి తన పనికి పోయేవాడు. ఆమె ఒక పక్కకి కాళ్లు వేసుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని, ఎడం చెయ్యి అతని భుజం మీద వేసి కూర్చునేది. సగం దారి కునికేది కూడా.

వాళ్లిద్దరికీ గొడవ బీమా దగ్గరే వచ్చింది. బండికి బీమా గడువు అయిపోతోందని ఒక సాయంత్రం అతను భోజనాల బల్ల దగ్గర ఫోను ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె వెనకాల నిలబడి తల దువ్వుకుంటోంది. ఫోను ఒక్కొక్కటే అడుగుతోంది, అతను నొక్కుకుంటూ పోతున్నాడు. దొంగతనానికి కావాలా? కావాలి. అగ్ని ప్రమాదానికి? కావాలి. వరదకి? కావాలి. వెనక కూర్చునేవారికి? వద్దు.

దువ్వెన ఆగింది.

"వెనక కూర్చునేది ఎవరు?" అంది.

"నువ్వే."

"మరి వద్దని నొక్కావేం?"

"అది దండగలే" అన్నాడు, అప్పటికే తర్వాతి ప్రశ్నలోకి వెళ్లిపోయి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. "ఈ ఊళ్లో చినుకు పడటమే గగనం, వరదకి కట్టారు. నేను మాత్రం దండగ!"

"నువ్వు కాదు, అది దండగన్నాను. నా మాట విను..."

"వినడానికేముంది? మీరు నొక్కడం చూశాను కదా."

మామూలుగా ఆమె అతన్ని నువ్వు అనేది. కోపమొస్తే మీరు అనేది. ఎంత మర్యాద పెరిగితే అంత ప్రమాదమని అతనికి తెలుసు. ఆ సాయంత్రమే "మీ బండీ మీరూ హాయిగా ఉండండి" అని సంచి సర్దుకుని ఆమె అక్క ఇంటికి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర అతను ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి తలుపు అవతల నుంచి గంటల తరబడి ధైర్యం చెప్పగలడు గానీ, పెళ్లాం ఎదురుగా నిలబడితే ఒక్క మాట కూడదీసుకోలేడు.

మర్నాడు పొద్దున్నే బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

కబురు తెలిసి ఆమె చూడటానికి వెళ్లింది. "ఎలా పడ్డారు? కుక్క అడ్డం వచ్చిందా?" అంది. లేదన్నాడు. "గుంటా?" లేదన్నాడు. "మరి?" అతను పిండికట్టు కట్టిన కాలు వంక చూసుకుని, "పడ్డానంతే" అన్నాడు. కంపెనీవాళ్ల కాగితంలో కూడా కారణం అన్నచోట ఖాళీ వదిలేశాడని అతని తల్లి చెప్పింది. చెప్పడం ఇష్టం లేనివాడితో మాటలేమిటని, ఏ మాత్ర ఎప్పుడెయ్యాలో అత్తగారికి చెప్పి నర్సు తిరిగి వచ్చేసింది. అదయి వారాలు గడిచాయి. బండి షెడ్డులో వంకర హ్యాండిలుతో పడి ఉంది. అతని పేటలో లిఫ్టుల పని కంపెనీ వేరేవాడికి అప్పగించింది. నర్సు రోజూ అక్క ఇంటి దగ్గర బస్సెక్కి డ్యూటీకి వెళ్తోంది.

ఇంతలో దూరపు ఊళ్లో కొత్త ఆసుపత్రి పెడుతున్నారని, వస్తే హెడ్ నర్సుగా తీసుకుంటామని ఆమెకి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా వచ్చేదీ రానిదీ చెప్పమన్నారు. ఆ ఉత్తరాన్ని సంచిలోనే పెట్టుకు తిరుగుతోంది. వెళ్తే ఇక వెనక్కి రావడం ఉండదని ఆమెకి తెలుసు. వెళ్లనూ లేదు, వెళ్లననీ చెప్పలేదు.

సర్వేయరు ఫోను చేసిన రోజు సాయంత్రం అక్కావాళ్ల వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నర్సు అంది. "నాకు బీమా వద్దన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ సీటు వేరేవాళ్లకి ఇచ్చేశాడు."

"వేరేవాళ్లకే ఇస్తే వాళ్లకైనా కట్టేవాడు కదే" అంది అక్క.

"నీకంతా వేళాకోళమే. నేనా ఊరికి వస్తానని రేపే రాసేస్తాను."

"రాద్దువుగానిలే. ముందు వెళ్లి ఆ నీడెవరిదో చూసిరా. చూడకుండా పోయావంటే అక్కడ కూడా నీకు నిద్ర పట్టదు. నిన్ను నేనెరగనా?"

అక్క అన్న మాట నిజమే. నర్సుకి అప్పటికే లోపల తొలుస్తోంది. కోపం కొంతే. మిగతాదంతా ఆ ఆడమనిషి ఎవరు, ఎలా ఉంటుంది, ఏం చేస్తుంది అన్న ఆరాటం. సెలవు రోజు కోసం ఎదురుచూసి, మిట్టమధ్యాహ్నం బయల్దేరింది.

అతను పడ్డది అక్క ఇంటి దగ్గరి బస్టాపు దాటాక మలుపు తిరిగే సందులో. బస్సు రోజూ ఎడమకి పోతుంది, ఆ సందు కుడి వైపు. అందుకని ఇన్నాళ్లూ ఆమె కంట పడలేదు. పడనివ్వలేదంటే ఇంకా నిజం.

సందు మొదట్లోనే, పొడుగాటి గోడ వారన నీడ ఉంది. పొద్దుటి ఎండలో పడ్డ నీడ కాబట్టి రోడ్డంతా సాగి, గోడ మీదికి కూడా పాకింది. పెద్ద చక్రాలు, మెడ తిప్పి వెనక్కి చూస్తున్న మగమనిషి, అతని వెనక ఆడమనిషి. ఆ నీడ మధ్యలో ఒక ముసలావిడ చాపేసుకుని గొడుగులు బాగుచేస్తోంది. చుట్టూ ఎండ మండిపోతుంటే ఆవిడ మాత్రం చల్లగా కూర్చుని ఉంది.

"రామ్మా, చూసుకో" అంది గొడుగుల అవ్వ. "గొడుగులు కుడతాను గానీ నాకు మాత్రం గొడుగు లేదు. ఈ బండి పుణ్యమా అని ఈ ఎండాకాలం గట్టెక్కాను. మొన్న టేపాయన వచ్చి పక్కకి జరగమంటే జరిగాను. అదే మొదలు, అదే ఆఖరు."

నర్సు వంగి చూసింది. ఆడమనిషి పొడుగ్గా, సన్నగా ఉంది. మెడ కూడా పొడుగే. నర్సుది పొట్టి మెడ, గుండ్రటి భుజాలు. ఒళ్లో సంచి. ఎడం చెయ్యి అతని భుజం మీద. దర్జాగా, ఆ సీటు తన సొంతమైనట్టు కూర్చుంది మహాతల్లి.

"ఎవరో తెలుసా అవ్వా?"

ముసలావిడ తలెత్తి ఆమె కాళ్ల వంక చూసింది. తర్వాత మొహం వంక చూసింది. తర్వాత గబుక్కున గొడుగు ఊచల్లోకి చూపు దించుకుంది. "నీడల సంగతి నేనడగనమ్మా. అడగకూడదు కదా" అంది.

నర్సు లేవబోతూ ఇంకోటి చూసింది. ఆ ఆడమనిషి మడమల దగ్గర్నుంచి సన్నటి నల్ల గీత ఒకటి రోడ్డు మీదికి సాగింది.

"అదేం కాదు, ఆయిలు కారిన జాడ" అంది అవ్వ. "టేపాయన కూడా అలాగే రాసుకున్నాడు."

నర్సు వేలితో తుడిచింది. వేలికి ఏమీ అంటలేదు. రోడ్డు కాలిపోతోంది, ఆ గీత మాత్రం చల్లగా ఉంది. దారం కనిపిస్తే దాని కొస ఎక్కడుందో చూడకుండా వదిలే అలవాటు ఆమెకి ఏనాడూ లేదు. తల వంచుకుని గీత వెంట నడిచింది.

గీత గోడ వార నుంచి సందు మలుపు తిరిగింది. తాళాల కొట్టు ముందు నుంచి, చాకలి బల్ల కాళ్ల మధ్య నుంచి పోయింది. కొన్నిచోట్ల వెంట్రుకంత అయింది, ఆమె మోకాళ్ల మీద వంగి చూసి మళ్లీ పట్టుకుంది. చాకలి ఇస్త్రీ ఆపి, "ఏమైనా పడేసుకున్నారా అమ్మా?" అన్నాడు. "ఏం పడిందో ఇంకా తెలియలేదు" అంది నర్సు. గీత రోడ్డు దాటింది, పేవ్‌మెంటు ఎక్కింది, బస్టాపు రేకు కప్పు పక్కన స్తంభం దగ్గర ఆగిపోయింది. ఆగినచోట రెండు పాదాల మేర కొంచెం వెడల్పయింది.

ఆ చోటు ఆమెకి తెలుసు. రోజూ బస్సు కోసం నిలబడేది అక్కడే.

అప్పుడు ఆ పొద్దుట సంగతి జ్ఞాపకం వచ్చింది. అక్క ఇంటికి వచ్చిన మర్నాడు. ఆ స్తంభానికి ఆనుకుని నిలబడింది. దూరం నుంచి మోటార్‌సైకిల్ చప్పుడు వినపడగానే అతనిదేనని తెలిసింది. అతని పనికి అటు దారే కాదు, చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె ముందుకొచ్చేసరికి బండి నెమ్మది చేశాడు, ఆపినంత పని చేశాడు. ఆమె మూతి ముడుచుకుని మొహం అటు తిప్పుకుంది. చప్పుడు దూరమయ్యేదాకా తిప్పుకునే ఉంది. ఆ వెంటనే బస్సొచ్చింది, ఎక్కేసింది.

మొహం తిప్పుకున్నది ఆమె. నీడ తిప్పుకోలేదు. రోజూ ఎక్కినట్టే బండెక్కి కూర్చుంది.

నర్సు తన కాళ్ల కిందికి చూసుకుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో స్తంభానికి పొట్టి నీడ ఉంది. చెత్తబుట్టకి ఉంది. ఎగిరిపోతున్న కాగితం ముక్కకి కూడా ఉంది. తన చెప్పుల చుట్టూ రోడ్డు తెల్లగా మెరుస్తోంది. ఇన్ని వారాలుగా దీపం కిందా చీకటిలోనూ బతికింది, ఎవరూ అడగలేదు. అక్క కూడా అడగలేదు. పొద్దుటి ఎండ పొట్టివాళ్లని సైతం పొడుగు చేస్తుందన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. అన్నీ తిరిగొచ్చాయా అని చూసుకునే మనిషి, తనది తాను చూసుకోలేదు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, బస్టాపు బెంచీ మీద కూలబడింది.

సాయంత్రం అక్కని నిలదీసింది. "నాకు నీడ లేదని చెప్పవేం?"

"సొంత చెల్లెలివైనా మర్యాద మర్యాదే కదే" అంది అక్క. "వాడు పడ్డాడు, నీ నీడ పోయింది. నువ్వూ బండి మీదే ఉన్నావనుకున్నాను. ఉండి కూడా లేనంటున్నావంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాను."

కంపెనీ ఆఫీసులో విచారణ పెట్టిన రోజున నర్సు సెలవు పెట్టి వెళ్లింది. మేడ మీద చిన్న గది, గోడలన్నీ ఫైళ్లు. బల్ల అవతల క్లెయిముల మేనేజరు, పక్కన సర్వేయరు. ఇవతల ఆమె మొగుడు చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి లేవబోయి, లేవలేక కూర్చున్నాడు.

"మీరొక్కరే ఉన్నానని రాశారు" అంటున్నాడు మేనేజరు. "నీడలో ఇద్దరున్నారు. తప్పుడు సమాచారం ఇస్తే క్లెయిము చెల్లదు. పైగా వెనక కూర్చునేవారికి మీరు బీమా కట్టలేదు. ఆవిడెవరో చెప్పండి."

"నేనొక్కడినే ఉన్నాను."

"ఆవిడెవరు?"

అతను నేల చూపులు చూశాడు. నర్సు ముందుకొచ్చి, "అది నాదేనండీ" అంది.

మొగుడు తలెత్తాడు గానీ ఆశ్చర్యపోయినట్టు లేడు. ఈ మాట ఎప్పుడో తెలిసి, పైకి అనకుండా దాచుకున్నవాడిలా చూశాడు. మేనేజరు మాత్రం సంబరపడ్డాడు. "అయితే మీరు బండి మీద ఉన్నట్టే. తేలిపోయింది."

"లేను. నేను బస్టాపులో ఉన్నాను. బండెక్కింది నా నీడ. మడమల దగ్గర్నుంచి గీత ఉంది, మీ సర్వేయరుగారు ఆయిలు జాడ అని రాసుకున్నారు. అది బస్టాపు దాకా ఉంది. వచ్చి చూసుకోవచ్చు."

సర్వేయరు నిన్ననే వెళ్లి చూశాడు. నర్సే ఫోను చేసి పిలిచింది. తన టేపు చాలక తాళాల కొట్టువాడి దగ్గర తాడు తెచ్చుకుని మరీ కొలిచాడు. ఇప్పుడు కొత్త బొమ్మ తీసి బల్ల మీద పరిచి, "నా ఉద్యోగంలో ఇంత సాగిన నీడ చూడలేదు సార్" అన్నాడు ముచ్చటగా. "కాళ్లు బస్టాపులో, ఒళ్లు బండి మీద. కాళ్లెక్కడుంటే మనిషక్కడున్నట్టు."

మేనేజరు బొమ్మ అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. "సరే. మనిషి లేదు, నీడే ఉంది. అయినా కారణం ఖాళీగా ఉంది. కారణం లేకుండా ఎవరూ పడరు. ఏం అడ్డం వచ్చింది?"

"ఏమీ రాలేదు."

"రోడ్డు బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరెందుకు పడ్డారయ్యా?"

అతను చేతికర్ర పిడి తుడిచాడు. నర్సు బల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఇదే ప్రశ్న ఆమె కూడా అడిగింది, జవాబు రాలేదు.

"వెనక్కి చూశాను" అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"మలుపు తిరుగుతుంటే భుజం మీద చెయ్యి పడింది. ఎన్నేళ్లుగానో రోజూ పడే చెయ్యి, నాకా బరువు తెలుసు. ఎక్కింది, కోపం పోయిందనుకున్నాను. మొహం చూద్దామని తిరిగాను. ఎవరూ లేరు." మేనేజరు వైపు తిరిగి, "పిచ్చనుకుంటారని రాయలేదు. నీడలో ఆడమనిషి ఉందన్నాక తెలిసింది. అప్పుడు కూడా, ఈమెని ఆఫీసుల చుట్టూ తిప్పడం ఎందుకని చెప్పలేదు" అన్నాడు.

నర్సు కిటికీ వైపు తిరిగింది. కళ్లు తుడుచుకోవడానికి కాదు, అని అనుకుంది.

మేనేజరు పాలసీ పుస్తకం తెరిచి, ఏయే కారణాలకి క్లెయిము ఇవ్వకూడదో రాసి ఉన్న పేజీ మీద వేలు నడిపాడు. తాగి నడపడం. లైసెన్సు లేకపోవడం. పందేలు కాయడం. యుద్ధం. తిరుగుబాటు. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. "వెనక్కి చూడటం ఇందులో లేదు" అన్నాడు కాస్త దిగులుగా. సర్వేయరు సిరా డబ్బా ఆయన ముందుకి జరిపాడు. ముద్ర పడింది.

క్లెయిము తేలింది గానీ మొగుడూ పెళ్లాల సంగతి తేలలేదు. ఆఫీసు మెట్ల మీద అతను "ఇంటికొస్తావా?" అని అడిగాడు. ఆమెకి వెళ్లాలనే ఉంది. కానీ దండగ అన్న మాట ముల్లులా ఇంకా అక్కడే ఉంది. "బండి బాగవ్వనివ్వండి, చూద్దాం" అంది. మీరు అనడం విని అతను చేతికర్ర ఊతంతో మెట్లు దిగాడు. ఆమె అక్క ఇంటికే వెళ్లింది. ఉత్తరం సంచిలోనే ఉంది.

నెలాఖరు రోజు పొద్దున్న బండి షెడ్డు నుంచి వచ్చింది. నీడ తీసుకోవడానికి రమ్మని అతను కబురు పెడితే నర్సు సందులోకి వెళ్లింది. గొడుగుల అవ్వ చాప చుట్టుకుని గోడవార నిలబడి ఉంది. ఆవిడ కోసం అతను గోడకి ఇనప గొట్టం ఒకటి బిగించి, దానికి పెద్ద గొడుగు తగిలించాడు. "నీడకి నీడ ఇచ్చి మరీ తీసుకెళ్తున్నాడమ్మా, మంచివాడే" అంది అవ్వ, నర్సుకి వినపడేట్టు.

అతను కొంచెం కుంటుతూనే బండిని తోసుకొచ్చి నీడ పక్కన నిలబెట్టి, ఎక్కి కూర్చున్నాడు. గోడ మీద ఉన్నది మొదట కదిలింది. చక్రాల నీడ రోడ్డు మీద జారి వచ్చి టైర్లకి తగులుకుంది. వెనక్కి తిరిగి ఉన్న మగమనిషి మెడ నెమ్మదిగా ముందుకి తిరిగి, అతని కింద సర్దుకుంది. ఆఖర్న బస్టాపు నుంచి గీత సర్రున చుట్టుకుంటూ వచ్చింది. నర్సు తన కాళ్ల వంక చూసుకుంటూ నిలబడింది.

ఆమె నీడ ఆమె దగ్గరికి రాలేదు. వెనక సీటు మీద, ఒక పక్కకి కాళ్లు వేసుకుని, అలాగే కూర్చుంది. నర్సు ఒకడుగు దగ్గరికి వేసింది. అది కదల్లేదు. "రా" అంది. అయినా కదల్లేదు.

"అదెందుకొస్తుందమ్మా" అంది అవ్వ కొత్త గొడుగు కింద చాప పరుచుకుంటూ. "దాని చోటులో అది కూర్చుంది."

అతను ముందుకే చూస్తూ, హ్యాండిలు పట్టుకుని, మాట్లాడటం మొదలుపెట్టాడు. లిఫ్టు తలుపు అవతలి మనిషితో మాట్లాడినట్టు. "నువ్వు వెనక ఉంటే నేను పడను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా పడ్డానా? నువ్వు కునుకుతావని గుంట కనిపిస్తే దిగి తోస్తాను. ఎప్పటికీ జరగనిదానికి కట్టడం దండగ అనుకున్నాను. అంతే. నువ్వు లేనప్పుడే పడ్డాను, చూశావుగా."

"ఆ రోజే ఈ మాట చెప్పడానికేం?" అంది నర్సు.

"నీ మొహం చూస్తూ చెప్పలేను."

ఆమె కాసేపు అతని వీపు వంక చూసింది. తర్వాత, "వెనక సీటుకి ఇప్పుడైనా కట్టావా?" అంది.

కట్టావా అన్న మాట వినగానే అతని భుజాలు దిగాయి. "నిన్ననే కట్టాను. వరదకి తీసేశాను."

నర్సు ఒక పక్కకి కాళ్లు వేసుకుని ఎక్కి కూర్చుంది. నీడ తన పాదాలకి చల్లగా తగలడం చెప్పుల్లోంచి తెలిసింది. ఒళ్లో సంచి పెట్టుకుంది.

"ఎటు?" అన్నాడు.

"ఇంటికే. దార్లో పోస్టాఫీసు దగ్గర ఒక్క నిమిషం ఆపు. దూరపు ఊళ్లో ఉద్యోగానికి రానని ఉత్తరం వెయ్యాలి."

బండి కదిలింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎడం చెయ్యి అతని భుజం మీద వేసింది. ఈసారి అతను వెనక్కి తిరిగి చూడలేదు.